రిపోర్టు నెగెటివ్, ఆక్సిజన్ 89: ఒకే ఇంట్లో ఇద్దరు పేషెంట్లు

పేషెంట్ 61 ఏళ్ల మహిళ. పన్నెండేళ్లుగా టైప్ 2 షుగర్, దాంతోపాటు బీపీ. రెండింటికీ మాత్రలే, ఇన్సులిన్ ఎప్పుడూ వాడలేదు. ఇది డాక్టర్‌గా 2021లో నేను చూసిన కోవిడ్ కేసు. ఇంట్లో ఎవరికీ అప్పటికి వ్యాక్సిన్ పడలేదు. ఇంట్లో ఉండేది నలుగురు: ఆవిడ, 66 ఏళ్ల భర్త, కొడుకు, కోడలు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

జబ్బు పరంగా ఇందులో వింతేమీ లేదు. షుగర్ ఉన్న మనిషికి కోవిడ్ న్యుమోనియా రావడం ఆ రోజుల్లో రోజూ చూసిందే. లక్షణం మొదలైన నాటి నుంచి ఒక డాక్టర్ ఆవిడతో నేరుగా మాట్లాడే దాకా ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ ఎక్కడ పోయాయన్నదే రాయదగ్గ విషయం.

మొదటి వారం

ముందు జబ్బుపడింది భర్త. జ్వరం, పొడి దగ్గు. మూడో రోజున ఆర్‌టీ-పీసీఆర్ పాజిటివ్ అని తేలింది. మర్నాడే మిగతా ముగ్గురూ శాంపిల్ ఇచ్చారు. ముగ్గురికీ నెగెటివ్. భర్తను ఒక గదిలో ఉంచి, ఆయనకు వేళకు మందులివ్వడం, జ్వరం చూడడం, బట్టలు మార్చడం ఆవిడకు అప్పగించారు. ‘అమ్మకు నెగెటివ్ వచ్చింది కదా’ అన్నది ఇంట్లో అందరూ ఒప్పుకున్న లెక్క. ఆ ‘కదా’ మీదే వారం నడిచింది.

శాంపిల్ ఇచ్చిన మర్నాటి నుంచే ఆవిడకు నీరసం. జ్వరం లేదు, దగ్గు లేదు, గొంతు నొప్పి లేదు. ఏమీ తినబుద్ధి కావడం లేదు. పగలు కూడా మగతగా పడుకుంటున్నారు. రాత్రిళ్లు భర్త కోసం మేలుకుంటున్నారు కాబట్టి అలసట అనుకున్నారు. మూడో రోజున ఇంట్లో మిషన్‌తో చూస్తే షుగర్ 286. ఎప్పుడూ చూపించుకునే షుగర్ క్లినిక్‌కు కొడుకు ఫోన్ చేశాడు. షుగర్ పెరిగితే నీరసం వస్తుందని, మాత్ర డోసు పెంచమని, నీళ్లు బాగా తాగించమని చెప్పారు. తప్పని అనలేం. షుగర్ నిజంగానే పెరిగింది. ఎందుకు పెరిగిందన్న ప్రశ్న మాత్రం ఆ ఫోన్‌లో రాలేదు. ఏ ఇన్ఫెక్షన్ వచ్చినా షుగర్ పెరుగుతుంది. మందులు సరిగ్గా వేసుకునే మనిషికి, పైగా సరిగ్గా తినకపోయినా, ఉన్నట్టుండి షుగర్ ఎగబాకితే ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతకాలి.

ఐదో రోజుకు బాత్రూమ్‌కు వెళ్లి వచ్చేసరికే మంచం మీద కూలబడుతున్నారు. క్లినిక్‌కు తీసుకొస్తామన్నారు. ఇంట్లో పాజిటివ్ కేసు ఉంది కాబట్టి రెండు వారాలు గడిచాక రమ్మన్నారు. సరే, కోవిడ్ వాళ్లను చూసే చోటుకే వెళ్దామని మరుసటి రోజు కారులో తీసుకెళ్లారు. అక్కడ గేటు దగ్గర అడిగినవి రెండే: జ్వరం ఉందా, పాజిటివ్ రిపోర్టు ఉందా. రెండూ లేవు. లోపలున్నవాళ్లంతా పాజిటివ్, నెగెటివ్ ఉన్న పెద్దావిడను వాళ్ల మధ్యకు పంపితే లేని జబ్బు అంటుకుంటుందని చెప్పి వెనక్కి పంపేశారు.

ఆ రెండు చోట్లా చెప్పిన కారణాల్ని విడివిడిగా తీసుకుంటే దేన్నీ కొట్టిపారేయలేం. ఒకరికి మిగతా పేషెంట్ల భద్రత, ఇంకొకరికి ఆవిడ భద్రత. రెండూ కలిపితే మాత్రం ఆవిడకు వెళ్లడానికి చోటే లేకుండా పోయింది. కోవిడ్ లేదని ఒక తలుపు మూశారు, ఉందేమోనని ఇంకో తలుపు మూశారు. ఆ ఏడాది ఇలా రెంటికీ చెడ్డవాళ్లు నాకు చాలామందే తగిలారు. ఎక్కువమంది పెద్ద వయసు వాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు.

ఎనిమిదో రోజు ఫోన్

కోడలు నాకు ఫోన్ చేసింది మామగారి గురించి. పన్నెండు రోజులైంది, జ్వరం లేదు, గది లోంచి బయటికి రావచ్చా అని. ఆయన బాగానే ఉన్నారు. మందుల పేర్లు చదివి వినిపించమంటే అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. జ్వరం మొదలైన నాలుగో రోజున, ఆక్సిజన్ మామూలుగా 97 ఉండగా, ఫోన్‌లోనే ఎవరో మొదలుపెట్టించారు. అది ఆపించి, ఇంట్లో ఇంకెవరికైనా బాగోలేదా అని అడిగాను. ఇది ప్రతి ఫోన్‌లోనూ అడిగే మాట.

“అత్తయ్యకు కాస్త నీరసం డాక్టర్ గారూ. షుగర్ వల్లే అన్నారు. ఆవిడకు నెగెటివే.”

“ఫోన్ ఆవిడకు ఇవ్వండమ్మా.”

“పడుకున్నారు. ఏమైనా అడగాలంటే నేను అడిగి చెప్తాను.”

“మీరు చెప్పడం కాదు, నేను ఆవిడ గొంతు వినాలి.”

కాసేపటికి ఆవిడ లైన్‌లోకి వచ్చారు. “నాకేం... లేదు డాక్టర్ గారూ... ఈ నీరసం... తగ్గితే... లేచి తిరుగుతాను.” ఆయాసంగా ఉందా అంటే లేదన్నారు. లేదనడానికి కూడా మధ్యలో ఆగి గాలి పీల్చుకున్నారు. తను ఆగుతున్నట్టు ఆవిడకు తెలియదు. నిన్న చేయగలిగి ఇవాళ చేయలేకపోయిన పని ఏదైనా ఉందా అని అడిగాను. నిన్నటి దాకా తల తనే దువ్వుకున్నానని, ఇవాళ చేతులు పైకి లేవలేదని, కోడలు దువ్విందని చెప్పారు.

ఫోన్‌లో ఊపిరిని అంచనా వేయడానికి ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టించే పద్ధతి ఒకటి 2020లో బాగా తిరిగింది. రోత్ స్కోర్ అంటారు. ఫోన్ వైద్యానికి అది పనికొస్తుందనడానికి సరైన ఆధారం లేదని, దాన్ని నమ్ముకోవద్దని ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ట్రిష్ గ్రీన్‌హాల్ బృందం అప్పుడే హెచ్చరించింది. నేనూ వాడను. మామూలుగా మాట్లాడనిచ్చి, మాట ఎక్కడ తెగుతుందో వినడం, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా అడగడం, ఈ రెండే నాకు ఎక్కువ చెప్తాయి. ఇవి కావాలంటే పేషెంటే మాట్లాడాలి. ఇంకొకరు అడిగి చెప్తే మాటలు వస్తాయి గానీ ఊపిరి రాదు.

వీడియో ఆన్ చేయించాను. సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ ఆగి ఆగి వస్తోంది, ఛాతీ కదలికలు లెక్కపెట్టడానికి పనికిరాదు. కోడలికి చెప్పాను: నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోండి, కళ్లు మాత్రం పొట్ట మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి, దేనికో ఆవిడకు చెప్పకండి. మన ఊపిరి ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే మనకు తెలియకుండానే తీరు మారిపోతుంది. 30 వచ్చింది. పెద్దవాళ్లలో 12 నుంచి 20 ఉండాలి.

ఆక్సిమీటర్ ఆ ఇంట్లోనే ఉంది. పన్నెండు రోజులుగా మామగారి గదిలో ఆయన వేలికి రోజుకు నాలుగుసార్లు పెడుతున్నారు, పుస్తకంలో రాస్తున్నారు. ఆవిడ వేలికి ఒక్కసారి కూడా పెట్టలేదు. తుడిచి తెప్పించి పెట్టిస్తే మొదట 84 చూపించింది. వేళ్లు చల్లగా ఉన్నాయన్నారు. చేతులు రుద్ది వెచ్చబడ్డాక మధ్యవేలికి పెట్టి, చెయ్యి కదపకుండా, అంకె ఒకచోట నిలబడేదాకా ఆగమన్నాను. 89 దగ్గర నిలిచింది. నాడి 112.

కాసేపు నడిపించి మళ్లీ చూడమంటారా అని కొడుకు అడిగాడు. ఎక్కడో చదివాడు. నడిపించి చూడడం కూర్చున్నప్పుడు అంకె బాగున్నవాళ్ల కోసం, దాగి ఉన్న లోటు బయటపడడానికి. 89 ఉన్న మనిషిని నడిపిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు, కూలిపోయే ప్రమాదం తప్ప. బోర్లాగానో పక్కకు తిరిగో పడుకోబెట్టి, అంబులెన్స్‌కు ఫోన్ చేయమన్నాను.

గేటు దగ్గర మళ్లీ అదే ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి, అంబులెన్స్ వచ్చేలోగా ఉత్తరం రాసి కొడుకు ఫోన్‌కు పంపాను. అందులో నేను ముందు రాసింది ఆక్సిజన్ అంకె, ఊపిరి సంఖ్య, నాడి. తర్వాత ఈ మాట: “ఆర్‌టీ-పీసీఆర్ నెగెటివ్. శాంపిల్ ఇచ్చింది లక్షణాలు మొదలవడానికి ముందు రోజు. ఇంట్లో నిర్ధారణ అయిన కేసుతో సన్నిహితంగా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం ప్రోబబుల్ కోవిడ్ కేసు.” ప్రోబబుల్ అంటే కోవిడ్ అయ్యుండే అవకాశం బలంగా ఉన్నదని. ఆ చివరి వాక్యమే పనిచేసిందని కొడుకు తర్వాత చెప్పాడు. 2020 ఆగస్టు నాటి ఆ నిర్వచనంలో జ్వరం, దగ్గు లేకపోయినా నీరసం, తిండి సయించకపోవడం, ఆయాసం, మగత వంటి వాటిలో మూడు ఉండి, నిర్ధారణ అయిన కేసుతో కాంటాక్ట్ ఉంటే చాలు. రిపోర్టు అక్కర్లేదు. ఐదో రోజుకే ఆవిడ ఆ నిర్వచనంలోకి వచ్చేశారు. గేటు దగ్గర కూర్చున్న మనిషి చేతిలో ఉన్న కాగితం మాత్రం 2020 మొదట్లోది: జ్వరం, దగ్గు, ఆయాసం.

ఆస్పత్రిలో

గేటు దగ్గర యాంటిజెన్ టెస్టు, అంటే అక్కడికక్కడే ఫలితం చెప్పే పరీక్ష, చేశారు. నెగెటివ్. అయినా ఆక్సిజన్ చూసి చేర్చుకున్నారు. ఎక్స్-రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ కింది భాగాల్లో, అంచుల వెంట తెల్లటి మచ్చలు. ఆ రోజు ఇచ్చిన ఆర్‌టీ-పీసీఆర్ మర్నాటికి పాజిటివ్ వచ్చింది. ఆక్సిజన్ మాస్క్, డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, షుగర్‌కు ఇన్సులిన్, బోర్లా పడుకోబెట్టడం. వెంటిలేటర్ దాకా వెళ్లలేదు. తొమ్మిదో రోజున ఇంటికి పంపారు.

ఆ డెక్సామెథసోన్ గురించి ఒక మాట. ఒకే ఇంట్లో అదే మందు అక్కర్లేని మనిషికి ఎనిమిది రోజులు అందింది, కావలసిన మనిషికి ఆస్పత్రి చేరాక గానీ అందలేదు. 2020 జూన్‌లో బ్రిటన్ నుంచి వచ్చిన ‘రికవరీ’ అనే మందుల ట్రయల్ ఫలితాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు, ఆక్సిజన్ అవసరమైన వాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లలో లాభం కనబడలేదు, మందు వాడినవాళ్లలోనే మరణాలు కాస్త ఎక్కువగా ఉన్నాయి, 14.0కి 17.8. అంటే ఆ మందుకు సమయం ఏదో చెప్పాల్సింది ఆక్సిజన్ అంకె. పాజిటివ్ అన్న మాట వినగానే మొదలుపెట్టేది కాదు. డాక్టర్ దొరకడం కష్టమైనప్పుడు ప్రిస్క్రిప్షన్లు వాట్సాప్‌లో చేతులు మారాయి. ఒకరికి రాసింది పదిమంది మింగారు.

ఎందుకు ఇలా జరిగింది

శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి మొదలుపెడదాం. 2020లో ‘యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. అంతకుముందు జరిగిన ఏడు అధ్యయనాల్లోని 1,330 శాంపిళ్లను కలిపి, వైరస్ సోకిన ఎన్నో రోజున ఆర్‌టీ-పీసీఆర్ ఎంత తప్పుతుందో చూశారు. లక్షణాలు ఐదో రోజున మొదలవుతాయని అనుకుంటే, దానికి ముందు రోజున, అంటే నాలుగో రోజున, జబ్బు ఉన్నవాళ్లలో 67 శాతం మందికి నెగెటివ్ రావచ్చు. లక్షణాలు మొదలైన రోజున 38 శాతం. ఇంకో మూడు రోజులకు 20 శాతం. అంతకంటే కిందికి పోదు, తర్వాత మళ్లీ పెరుగుతుంది. ఆ అంచనాలు చాలానే అటూ ఇటూ కావచ్చు, అంకెల్ని అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కానీ మన పేషెంట్ శాంపిల్ ఇచ్చింది సరిగ్గా ఆ 67 దగ్గర. ఆ రోజున వచ్చిన నెగెటివ్ రిపోర్టుకు ఉన్న విలువ ఎంత? దాని ఆధారంగా ఆవిడను నర్సును చేశారు, దాని ఆధారంగానే వెనక్కి పంపారు.

ఇంట్లో ఒకరికి పాజిటివ్ రాగానే మిగతావాళ్లు పరుగెత్తి శాంపిల్ ఇవ్వడం టెన్షన్‌లో ఎవరైనా చేసే పనే. అప్పుడు పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే, తర్వాత లక్షణం కనబడిన రోజున మళ్లీ ఇవ్వాలి. ఈ రెండో సగం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రిపోర్టు కాగితం మీద శాంపిల్ తీసిన తేదీ ఉంటుంది, లక్షణాలు మొదలైన తేదీ ఉండదు. రెండోది పక్కన లేకుండా మొదటిదాన్ని చదవడం కుదరదు. అందుకే నా దగ్గరికొచ్చే ప్రతి రిపోర్టు మీదా ఆ రెండో తేదీని పెన్నుతో రాస్తాను. తర్వాత చూసే డాక్టర్‌కు అదే ఉపయోగపడుతుంది.

గేటు దగ్గరి యాంటిజెన్ సంగతీ ఇంతే. అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021 మార్చిలో తెచ్చిన సమీక్ష ప్రకారం లక్షణాలున్నవాళ్లలో మొదటి వారంలో ఈ టెస్టు సుమారు 78 శాతం కేసుల్ని పట్టుకుంటుంది, రెండో వారంలో 51 శాతాన్నే. ఆవిడ అప్పటికి రెండో వారంలో ఉన్నారు. ఆ సమయానికి జబ్బు చాలామందిలో ముక్కు, గొంతు దాటి కిందికి దిగుతుంది. 2020 మార్చిలో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన చైనా అధ్యయనంలో ఊపిరితిత్తుల్ని కడిగి తీసిన శాంపిళ్లలో 93 శాతం పాజిటివ్ వస్తే, ముక్కు స్వాబ్‌లలో 63, గొంతు స్వాబ్‌లలో 32 శాతమే వచ్చాయి. ఆయాసంతో ఉన్న మనిషికి ముక్కులో నెగెటివ్ వచ్చిందంటే ఊపిరితిత్తులు బాగున్నాయని కాదు.

ఇక, 89 దగ్గర ఉన్న మనిషి ఆయాసం లేదని ఎలా చెప్పగలిగారు? ఊపిరి ఆడడం లేదన్న బాధ పుట్టించేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. కోవిడ్ న్యుమోనియా మొదటి దశలో ఆక్సిజన్ పడిపోతున్నా, వేగంగా ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది. మెదడుకు గంట మోగదు. పైగా వయసు, షుగర్ రెండూ ఆక్సిజన్ లోటుకు శరీరం స్పందించే తీరును మందగింపజేస్తాయి. దాంతో ఆయాసం అన్న మాట పేషెంట్ నోట రాకుండానే నీరసం, మగత, తల దువ్వుకోలేకపోవడం వస్తాయి. పెద్దవాళ్లలో ఆ నీరసాన్నే ఆయాసంగా లెక్కపెట్టి, ఆక్సిమీటర్ పెట్టి చూడాలి.

మిషన్‌ను కూడా పూర్తిగా నమ్మలేం. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఆక్సిమీటర్ అసలు కంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. 2020 డిసెంబర్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, మిషన్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతమైతే, నల్లజాతి వాళ్లలో 11.7 శాతం. కాబట్టి నేను 93, 94 చూసి ఊరుకోను. నిన్న 98 ఉండి ఇవాళ 94 అయితే, అంకె కంటే ఆ దిగడమే ముఖ్యం.

ఇన్ని అంకెల మధ్య ఒక చిన్న విషయం మరుగున పడకూడదు: ఆ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంది? క్లినిక్‌కు మాట్లాడింది కొడుకు. నాకు మాట్లాడింది కోడలు. ఇద్దరూ ప్రేమ ఉన్నవాళ్లే, అబద్ధం చెప్పలేదు. తమకు అర్థమైనది చెప్పారు: నెగెటివ్, షుగర్, కాస్త నీరసం. ఫోన్ వైద్యం వల్ల డాక్టర్ దొరకడం తేలికైందని అందరం అంటాం, నిజమే. ఫోన్ లేనివాళ్లకు, ఉన్నా తమ గురించి చెప్పుకోవడం అలవాటు లేనివాళ్లకు మాత్రం మధ్యలో ఇంకో గేటు వెలిసింది. ఇంట్లో అందరినీ చూసుకునే మనిషే ఆ గేటు అవతల ఉండిపోతుంది. ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు కోడలిని కూడా అడిగాను, మీకెలా ఉందమ్మా అని. “నాలుగు రోజులుగా వాసన తెలియట్లేదు సార్. జ్వరం లేదు కదా అని ఊరుకున్నా” అంది. అప్పటికి వాసన పోవడాన్ని అధికారిక లక్షణాల జాబితాల్లో చేర్చి ఏడాది దాటింది. మర్నాడు టెస్టు చేయిస్తే పాజిటివ్. ఇంట్లోనే తగ్గింది.

తర్వాత

డిశ్చార్జ్ నాటికి విశ్రాంతిలో ఆక్సిజన్ 95, గదిలో నాలుగు అడుగులు వేస్తే 92. ఇంట్లో రోజుకు రెండుసార్లు చూసుకోమని, ఈసారి పుస్తకంలో ఆవిడ పేరు మీద పేజీ తెరవమని చెప్పాను. స్టెరాయిడ్ ఆగాక షుగర్ మెల్లగా దిగింది. ఆరు వారాలకు ఇన్సులిన్ తీసేసి పాత మాత్రలకే వచ్చాం. మూడో నెలలో ఎక్స్-రే శుభ్రంగా ఉంది, నడిచినా ఆక్సిజన్ 96 కంటే కిందికి పోవడం లేదు.

నీరసం మాత్రం పూర్తిగా పోలేదు. ఒక పూట పని చేస్తే మర్నాడంతా మంచం మీదే. థైరాయిడ్, రక్తహీనత, బీ12, గుండె అన్నీ చూశాం, అందులో కారణమేదీ దొరకలేదు. జబ్బు మొదలై మూడు నెలలైనా, వేరే కారణం లేకుండా, కనీసం రెండు నెలలుగా ఉన్న లక్షణాలను పోస్ట్ కోవిడ్ కండిషన్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో నిర్వచించింది. ఆవిడ విషయంలో అదే రాసుకున్నాను. రోజు మొత్తానికి పనిని ముక్కలుగా పంచుకోవడం, అలుపు రాకముందే ఆగడం నేర్పిస్తున్నాం. ప్రతి నెలా ఫాలో-అప్ ఫోన్ నేను ఆవిడ నంబర్‌కే చేస్తాను.